వంగిన పైన్ చెట్టు ఏం చెబుతుంది?



పైన్ చెట్టు అనగానే మనకు గుర్తొచ్చేది నిటారుగా నిలబడిన మాను. అరకు దారిలో అనంతగిరి కొండల మీద పెంచిన పైన్ తోటల్లో కాసేపు ఆగినవాళ్లు ఆ వరసల్ని చూసే ఉంటారు. దేవదారు, ఫర్, స్ప్రూస్, సైప్రస్, మన ఊళ్లలో క్రిస్మస్ చెట్టు అని పిలిచే అరకేరియా, ఇవన్నీ పైన్‌కు చుట్టాలే. పువ్వులు పూయకుండా, పొలుసులు పేర్చినట్టుండే శంకువుల్లో విత్తనాలు దాచుకునే చెట్లు కాబట్టి వీటిని శంకుధారి చెట్లంటారు. మన సముద్ర తీరంలో కనిపించే సరుగుడు కూడా ఈ జాతిదేనని చాలామంది అనుకుంటారు గానీ కాదు. సన్నటి ఆకుల్లా కనిపించేవి దాని రెమ్మలు. అది పూలు పూసే చెట్టు.

ఇంత నిటారుగా పెరిగే జాతిలో కొన్ని చెట్లు విచిత్రంగా పెరుగుతాయి. ఒకటి నేల దగ్గరే కొడవలిలా వంగి, ఆ తర్వాత ఆకాశం వైపు లేస్తుంది. ఒకటి సున్నా చుట్టినట్టు మెలి తిరుగుతుంది. ఇంకొకదానికి నడిమాను ఉండదు, చుట్టూ ఆరేడు మానులు లేస్తాయి. మరొకదానికి ఒక పక్కనే కొమ్మలుంటాయి. ఇలాంటి చెట్టు కనబడితే ఫొటో తీసుకుని, ఏదో వింత అనుకుని వెళ్లిపోతాం. కలప కోసం అడవి పెంచేవాళ్లయితే దాన్ని పనికిరాని చెట్టుగా లెక్కగట్టి ముందు నరికేస్తారు. ఆ వంపులో ఒక సాక్ష్యం ఉందని, దాన్ని చదవడానికి ఒక పద్ధతి ఉందని చెప్పాలనే ఈ ప్రసంగం.

ముందు ఈ చెట్లు నిటారుగా ఎందుకు పెరుగుతాయో చూద్దాం. చెట్టు శిఖరాన ఒకే ఒక కొన చిగురు ఉంటుంది. పెత్తనమంతా దానిదే. ఆ చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్కకొమ్మల్ని అదుపులో పెడుతుంది. కొన పైకి పోతుంటే కొమ్మలు పక్కలకు పోతాయి. చల్లని ప్రదేశాల్లో పెరిగే చాలా పైన్ జాతుల్లో ఆ కొన ఏడాదికి ఒక జాన మాను, దాని కింద ఒక వరస కొమ్మలు వేస్తుంది. అందుకే లేత పైన్ చెట్టు కొమ్మల వరసల్ని కింది నుంచి లెక్కపెడితే దాని వయసు దాదాపుగా తెలిసిపోతుంది. మామిడి, వేప లాంటి చెట్ల కొన విరిగితే కొమ్మల గుబురులో ఆ సంగతి ఇట్టే కలిసిపోతుంది. పైన్‌లో అలా కాదు. క్రమం అంత కచ్చితంగా ఉంటుంది కాబట్టి, అది ఒక్కసారి తప్పినా పదేళ్లకు కూడా పట్టుబడుతుంది.

ఇక ఒరిగిన చెట్టు సంగతి. మాను ఏ కారణంగానైనా పక్కకు ఒరిగితే, కిందేదో పైనేదో చెట్టు గుర్తుపడుతుంది. దాని కణాల్లో ఉండే పిండిపదార్థపు రేణువులు బరువుకు కిందికి జారి, భూమి ఏ వైపు ఉందో తెలియజేస్తాయి. వెంటనే ఒరిగిన మాను కింది వైపు ప్రత్యేకమైన కలప తయారవడం మొదలవుతుంది. దీన్ని ఒత్తిడి కర్ర అనుకుందాం. పక్కకు వాలుతున్న పందిరికి కింది నుంచి పోటు పెట్టినట్టు, ఈ కర్ర వ్యాకోచిస్తూ మానును పైకి నెడుతుంది. పూలు పూసే చెట్లు చేసే పని దీనికి తలకిందులు. అవి పై వైపు బిగువు కర్ర వేసి మానును పైకి లాగుతాయి. నెట్టి నిలబడేవి శంకుధారి చెట్లు, లాగి నిలబడేవి మిగతావి.

అలా ఒరిగి పెరిగిన పైన్ మానును అడ్డంగా కోసి చూస్తే కథంతా కనిపిస్తుంది. వార్షిక వలయాలు గుండ్రంగా ఉండవు. చేవ నడిబొడ్డు మధ్యలో ఉండక పై అంచుకు జరిగి ఉంటుంది. పై వైపు వలయాలు సన్నగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. కింది వైపు అవే వలయాలు వెడల్పుగా, ముదురు ఎరుపు రంగులో ఉంటాయి. ఆ ఎరుపే ఒత్తిడి కర్ర. అందులో లిగ్నిన్ ఎక్కువ, సెల్యులోజ్ తక్కువ. బరువుగా, గట్టిగా ఉన్నా పెళుసుగా విరుగుతుంది. మామూలు కలప ఆరేటప్పుడు పొడవునా దాదాపు కుంచించుకోదు. ఇది కుంచించుకుంటుంది. అందుకే అలాంటి పలక ఎంత సరిగ్గా చిత్రిక పట్టినా ఆరాక విల్లులా వంగిపోతుంది. వడ్రంగికి అది నష్టమే. పరిశోధకుడికి మాత్రం ఆ ఎరుపు ఏ వలయంలో మొదలైందో చూస్తే చెట్టు ఒరిగిన సంవత్సరం దొరుకుతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. చెట్ల విషయంలో ఆ సామెత సగమే నిజం. మాను కూడా వంగుతుంది. కాకపోతే చిటికెన వేలంత మొక్క కొన్ని వారాల్లో చేసే పనికి చేతికందనంత లావున్న మానుకు ఏళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చెట్టు ఎత్తు పెరిగేది కొనల దగ్గరే. మాను లావెక్కుతుందే గాని సాగదు. పదేళ్ల కిందట నేలకు మీటరు ఎత్తున పడిన వంపు వందేళ్లకైనా ఆ మీటరు ఎత్తునే ఉంటుంది. కాబట్టి వంపు ఎంత ఎత్తులో ఉందో చూస్తే, ఆ సంఘటన జరిగేనాటికి చెట్టు ఎంత చిన్నదో తెలుస్తుంది. ఇంకో రెండు ప్రశ్నలు కూడా కలుపుకోవాలి. వంపు ఏ దిక్కుకుంది? ఎన్ని చెట్లకుంది? ఎంత ఎత్తులో, ఏ దిక్కుకు, ఎన్నిటికి, ఈ మూడు ప్రశ్నలతో ప్రపంచంలో పేరుపడిన వింత చెట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట కొండవాలు. ఏటవాలు నేల మీద పైన్‌లు, స్ప్రూస్‌లు తరచుగా మొదట్లో వాలు కిందికి వంగి, తర్వాత నిటారుగా లేస్తాయి. ఆ మొదలు పిస్టల్ పిడిలా ఉంటుందని అటవీ సిబ్బంది దానికి ఆ పేరే పెట్టారు. మూడు ప్రశ్నలూ వేయండి. వంపు నేలకు దగ్గర్లో ఉంది, దిక్కు వాలు వైపే, ఆ వాలు మీది చెట్లలో చాలావాటికి ఉంది. అంటే చెట్టు చిన్నగా ఉన్నప్పుడు ఏటా పేరుకున్న మంచు దాన్ని కిందికి నొక్కి ఉండాలి, లేదా కంటికి కనబడనంత నెమ్మదిగా నేలే కిందికి జరుగుతూ ఉండాలి. వంపు మొదట్లో కాక మాను నడుమ ఉంటే, చెట్టు పెద్దదయ్యాక నేల ఒక్కసారిగా కదిలిందన్నమాట.

చెట్ల వంపులు, గాయాలు, వలయాల ఆధారంగా నేల కదలికల చరిత్ర రాయవచ్చని ఫిన్లాండ్ శాస్త్రవేత్త యౌని అలెస్తలో 1971లో ఒక క్రమపద్ధతిని ప్రచురించారు. అప్పటినుంచి ఆల్ప్స్ పర్వతాల్లో కొండచరియలు, మంచుచరియలు, బురద ప్రవాహాలు ఏయే సంవత్సరాల్లో వచ్చాయో చెట్లనడిగి తెలుసుకుంటున్నారు. మన దేశంలోనూ ఆ పని జరిగింది. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి ప్రాంతపు వాలుల మీది చెట్ల వలయాలను చదివిన ఒక అంతర్జాతీయ బృందం 2018లో ఫలితాలు వెల్లడించింది. 150 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి చూస్తే, వేడి పెరిగిన ఇటీవలి దశాబ్దాల్లో అక్కడ మంచుచరియలు ఎక్కువయ్యాయని తేలింది. ఆ వాలుల మీద అన్నేళ్లుగా కొలతలు తీసిన పరికరం ఏదీ లేదు. దెబ్బతిని, ఒరిగి, మళ్లీ నిలబడ్డ చెట్లే లెక్క రాసిపెట్టాయి.

ఇంకా పైకి, చెట్లు పెరిగే చివరి హద్దు దాకా వెళ్తే గాలి రాజ్యమేలుతుంది. అక్కడి చెట్లకు గాలి తగిలే వైపు కొమ్మలుండవు. రెండో వైపే జెండాలా కొమ్మలు సాగి ఉంటాయి. గాలి కొమ్మల్ని అటు తోసేసిందని చూడగానే అనిపిస్తుంది. తోసేది కొంతే. చలికాలపు గాలి మంచు పలుకుల్ని మోసుకొచ్చి గాలివైపు సూదుల్లాంటి ఆకుల మీది మైనపు పూతను గీకేస్తుంది. పూత పోయిన ఆకు ఎండిపోతుంది, మొగ్గ చస్తుంది. ఏటా అటువైపు చస్తూ ఇటువైపు బతుకుతూ ఉంటే మిగిలేది జెండాయే. సముద్రతీరాల్లో మంచు పలుకుల పని ఉప్పు తుంపర చేస్తుంది. కొండల మీది జెండా చెట్లకు నేల దగ్గర మాత్రం చుట్టూ దట్టమైన కొమ్మల పావడా ఉంటుంది. చలికాలంలో మంచు ఎంత ఎత్తున పేరుకుంటుందో ఆ పావడా ఎత్తే చెబుతుంది. మంచు కింద దాగిన కొమ్మలకు గాలి తగలదు కదా.

ఈ జెండా చెట్లను గాలిమరల వాళ్లు కూడా చదివారు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో గ్రాండ్‌పాస్ నాబ్ అనే కొండ మీద 1941లో మెగావాట్ స్థాయి విద్యుత్తు తీసిన మొదటి గాలిమర తిరిగింది. దాన్ని రూపొందించిన పామర్ పట్నం, రాబర్ట్ గ్రిగ్స్ అనే వృక్షశాస్త్రవేత్తతో కలిసి, చెట్టు ఎంతగా ఒరిగిందో చూసి అక్కడి గాలి వేగాన్ని అంచనా వేసే మార్గం వెతికారు. సూదులు కాస్త పక్కకు దువ్వినట్టుండటం దగ్గర్నుంచి చెట్టు నేలమీద పరుచుకుపోవడం దాకా మెట్లుగా విభజించిన ఆ కొలమానాన్ని ఇప్పటికీ గ్రిగ్స్–పట్నం సూచిక అంటారు.

గాలి మరీ గట్టిదైతే చెట్టు నిలబడదు. పొదలా నేలకు కరుచుకుని పాకుతుంది. ఆల్ప్స్ ప్రాంతపు జర్మన్ మాటతో ఆ రూపాన్ని క్రుమ్‌హోల్ట్స్ అంటారు. స్వీడన్‌లోని ఫులుఫ్యెల్లెట్ పర్వతం మీద ఓల్డ్ ట్యిక్కో అనే స్ప్రూస్ చెట్టు ఉంది. ఎత్తు అయిదు మీటర్లు. చూస్తే బక్కపలచని చిన్న చెట్టు. ఉమెయో విశ్వవిద్యాలయానికి చెందిన లేఫ్ కుల్మన్ 2004లో దాన్ని గుర్తించి, దాని కింద దొరికిన చెక్కను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే సుమారు 9,550 ఏళ్లని తేలింది. ఇప్పుడు కనిపిస్తున్న మాను వయసు కాదది. నేలకు తాకిన కొమ్మలు వేళ్లూనుతూ, పాత మాను పోతే కొత్తది లేస్తూ, ఒకే వేరు సంతతిగా సాగిన జీవితం. వేల ఏళ్లు పొదగా పాకిన ఆ చెట్టు 20వ శతాబ్దంలో వాతావరణం వేడెక్కాకే నిటారుగా లేచింది. దాని ఆకారంలో వచ్చిన మార్పే అక్కడి వాతావరణపు మార్పు.

ఇప్పుడు కొండా, గాలీ కాని కారణాల దగ్గరికొద్దాం. బాల్టిక్ సముద్రం ఒడ్డున రష్యా అధీనంలోని కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలో కురోనియన్ స్పిట్ అనే సన్నటి ఇసుక పట్టీ ఉంది. ఇసుక కదలకుండా ఆపడానికి 1960ల తొలినాళ్లలో అక్కడ పైన్‌లు నాటారు. ఒకచోట ఆ పైన్‌లు మెలికలు, సుడులు, పూర్తి సున్నాలు తిరిగి పెరిగాయి. జనం దాన్ని నాట్యం చేసే అడవి అంటారు. ప్రశ్నలు వేద్దాం. ఎత్తు? నేలకు దగ్గర్లోనే, అంటే చెట్లు పసివిగా ఉన్నప్పుడే. దిక్కు? ఒక దిక్కంటూ లేదు, ఎటుపడితే అటు. ఎన్ని? ఒక తావులో చాలా చెట్లు, ఆ చుట్టుపక్కల మాత్రం నిటారైనవే. దిక్కు కలవలేదంటే గాలి ఒక్కటే ఈ పని చేసిందనుకోవడం కష్టం. అందుకే పరిశోధకుల వేలు ఎక్కువగా ఒక పురుగు వైపు చూపిస్తోంది.

మన వంగ తోటల్లో మొవ్వు తొలిచే పురుగు రైతులకు బాగా తెలుసు. ఇదీ అలాంటిదే, పైన్ చిగుళ్లను తొలిచే ఒక రెక్కల పురుగు పిల్ల. చలికాలమంతా మొగ్గ లోపల దాక్కుంటుంది. వసంతం రాగానే, కొవ్వొత్తిలా పొడుగ్గా లేస్తున్న కొత్త చిగురులోకి ఒక పక్క నుంచి తొలుచుకుంటూ పోతుంది. పూర్తిగా తినేస్తే కొన చచ్చిపోయి పక్కకొమ్మ దాని స్థానం తీసుకుంటుంది. సగమే తింటే, తొలిచిన చోట బలం చాలక చిగురు వేలాడిపోతుంది. చావదు మాత్రం. వేలాడుతూనే కొన మళ్లీ పైకి తిరుగుతుంది. ఆ వంపు చుట్టూ ఏటా కొత్త కలప పేరుకుని గట్టిపడితే, పాతకాలపు తపాలా బండివాళ్లు ఊదే బూర వంపు తేలుతుంది. ఒకే చెట్టుకు రెండు మూడేళ్లు వరసగా ఇలా జరిగితే సుడులే సుడులు.

ఇదే రూపాన్ని ఒక తెగులు కూడా తెస్తుంది. యూరప్‌లో పైన్ చిగుళ్లను మెలితిప్పే తుప్పు తెగులు ఒకటుంది. ఆ శిలీంధ్రం చిగురు ఒక పక్క కణాలను చంపుతుంది, రెండో పక్క పెరుగుతూనే ఉంటుంది. దాంతో చిగురు చచ్చిన వైపుకు వంగుతుంది. కొన మళ్లీ పైకి లేస్తుంది కాబట్టి పాము మెలిక పడుతుంది. ఈ శిలీంధ్రం జీవితచక్రం పూర్తి కావాలంటే దగ్గర్లో ఆస్పెన్ చెట్టు ఉండాలి. అంటే పైన్ మెలికకు కారణం పక్కనున్న ఇంకో చెట్టులో వెతకాల్సి రావచ్చు. ఇక ఈశాన్య అమెరికాలో తెల్ల పైన్‌లకు ఒక ముక్కు పురుగు పట్టి కొన చిగురును చంపేస్తుంది. అప్పుడు కింది వరస కొమ్మలన్నీ పెత్తనం కోసం పోటీపడి పైకి లేస్తాయి. ఒక మాను చెట్టు నాలుగైదు మానుల చెట్టవుతుంది. ఎండలో బలిసిన లావు చిగుళ్లంటే ఆ పురుగుకు ఇష్టం. అందుకే సాగు మానేసిన పొలాల్లో ఎండకు పెరిగిన పైన్‌లు గుబురుగా, పెద్ద చెట్ల నీడలో పెరిగినవి తిన్నగా ఉంటాయి.

ఇప్పుడు పోలండ్ వెళ్దాం. గ్రిఫినో పట్టణం దగ్గర నోవే చార్నోవో అనే ఊరి పక్కన వంకర అడవి ఉంది. 1930 ప్రాంతంలో నాటిన సుమారు 400 పైన్‌లు నేల దగ్గర దాదాపు లంబకోణంలో వంగి, కొంతదూరం అడ్డంగా పోయి, మళ్లీ విల్లులా పైకి లేచాయి. ట్యాంకులు తొక్కాయని, మంచు నొక్కిందని, భూమి ఆకర్షణ అక్కడ వేరని రకరకాలుగా చెప్పుకుంటారు. మన మూడు ప్రశ్నలు వేస్తే వడపోత మొదలవుతుంది. వంపు అన్ని చెట్లకూ ఒకే ఎత్తులో, అంటే ఒకే వయసులో. దిక్కు అన్నిటికీ ఉత్తరమే. ఎన్నిటికి? ఆ గుంపుకే. చుట్టూ పైన్‌లే ఉన్నా అవి నిటారుగా ఉన్నాయి. మంచు, గాలి, ఆకర్షణ పొరుగు చెట్లను వదిలేసి వీటినే ఎంచుకోవు. పురుగైతే ఒకే దిక్కుకు వంచదు. మిగిలేది మనిషి చెయ్యే. ఏడు నుంచి పదేళ్ల వయసులో వాటి కొన తీసేసో, కట్టి వంచో ఎవరో వాటిని మలిచారన్నది బలమైన ఊహ. పడవల పక్కటెముకలకో, సామానుకో పుట్టుకతోనే వంపు ఉన్న కర్ర అవసరపడేది. ఆ పని గురించి రాసిపెట్టిన కాగితం ఏదీ బయటపడలేదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అక్కడి జనం, సరిహద్దులు, పాలన అన్నీ మారిపోయాయి. నరకాల్సిన చెట్లు నిలబడిపోయాయి.

మనిషి మలిచిన చెట్లు ఇంకా ఉన్నాయి. జపాన్‌లో క్యోటో దగ్గరి కితయామా ప్రాంతంలో వందల ఏళ్లుగా దైసుగి అనే పద్ధతి ఉంది. సుగి అనే శంకుధారి చెట్టు మొదలును అలాగే ఉంచి, దాని మీద నిటారుగా లేచే మానుల్ని మాత్రం పెంచి కోసుకుంటారు. తేనీటి గృహాలకు కావలసిన సన్నటి, తిన్నటి వాసాలు అలా వచ్చేవి. చూడటానికి ఒక చెట్టు నెత్తి మీద చిన్న అడవి మొలిచినట్టుంటుంది. అమెరికాలో ఓరెగాన్ తీరాన కేప్ మియర్స్‌లో ఆక్టోపస్ చెట్టు అనే సిట్కా స్ప్రూస్ ఉంది. నడిమాను లేదు. మొదలు చుట్టుకొలత దాదాపు 14 మీటర్లు. దాని నుంచి చేతుల్లాంటి మానులు ముందు అడ్డంగా సాగి, తర్వాత 30 మీటర్లకు పైగా లేచాయి. సముద్రపు గాలి చేసిందని కొందరు, అక్కడి ఆదివాసీ ప్రజలు తమ పవిత్ర కార్యాల కోసం మలిచారని కొందరు అంటారు. ఈ రెంటి మధ్య తీర్పు ఇంకా రాలేదు. ఒంటరి చెట్టు కావడమే దీని చిక్కు. ఎన్నిటికి అన్న మూడో ప్రశ్నకు పోల్చుకునే పొరుగు చెట్టు లేదు.

ఇంతవరకు బయటి నుంచి వచ్చిన కారణాలు. లోపలి నుంచి వచ్చేవీ ఉన్నాయి. పైన్ కొమ్మల్లో ఒకచోట చిన్న చిన్న రెమ్మలు వందల కొద్దీ కిక్కిరిసి బంతిలా గుబురు కడతాయి. యూరప్ జనం దాన్ని మంత్రగత్తె చీపురు అన్నారు. ఇక్కడ మూడో ప్రశ్న బాగా పనికొస్తుంది. ఒక చెట్టుకు చాలా గుబురులు, పొరుగు చెట్లకూ గుబురులు ఉంటే, అది అంటుకునే జబ్బు. మన మామిడి మీద బదనిక ఉన్నట్టే పైన్‌ల మీద మరుగుజ్జు బదనిక ఉంటుంది. దాని కాయ పండాక పగిలి విత్తనాన్ని గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో విసురుతుంది. జిగురు విత్తనం పక్క కొమ్మకు అంటుకుని లోపలికి వేళ్లు దించుతుంది. పశ్చిమ హిమాలయాల్లో నీలి పైన్‌ల మీద పెరిగే మరుగుజ్జు బదనిక కొన్ని మిల్లీమీటర్లకు మించి బయటికి కనబడదు. పూలు పూసే మొక్కల్లో అతి చిన్నవాటిలో అదొకటి. అంత చిన్నది అంత పెద్ద చెట్టు రూపం మార్చేస్తుంది.

చుట్టూ ఎక్కడా లేకుండా ఒక్క చెట్టుకు ఒకే ఒక్క గుబురు ఉంటే మాత్రం అది చాలావరకు జబ్బు కాదు. ఒక మొగ్గలోని ఒక కణంలో జన్యువు మారి, ఆ మొగ్గ నుంచి వచ్చినదంతా మరుగుజ్జయింది. అలాంటి గుబురుకు కాసిన శంకువుల్లోని విత్తనాలు నాటితే దాదాపు సగం మొక్కలు మామూలుగా, సగం మరుగుజ్జులుగా వస్తాయని అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరీటంలో పెంచి చూశారు. ఆ ఉద్యానానికే చెందిన జాన్ జాక్, ఆల్‌ఫ్రెడ్ రేడర్ అనే ఇద్దరు 1904లో కెనడాలోని ఆల్బర్టాలో శంకువులా ఒద్దికగా పెరిగిన ఒక మరుగుజ్జు స్ప్రూస్‌ను చూసి తెచ్చారు. ఇవాళ చల్లని దేశాల్లో ఇళ్ల ముందు కనిపించే మరుగుజ్జు ఆల్బర్టా స్ప్రూస్‌లన్నీ దాని సంతానమే. కొన్నిసార్లు వాటి మీద ఒక కొమ్మ ఉన్నట్టుండి పాత స్వభావానికి తిరిగి, రాక్షసిలా పెరగడం మొదలెడుతుంది.

చివరిగా మన ఇంటి దగ్గరి చెట్టు. కడియం నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మే అరకేరియాలను చూసే ఉంటారు. ఆ కుటుంబంలో ఒక విచిత్ర గుణముంది. కొన చిగురు ముక్క నాటితే నిటారైన చెట్టవుతుంది. పక్కకొమ్మ ముక్క నాటితే వేళ్లు పడతాయి, బతుకుతుంది, కానీ ఏళ్ల తరబడి కొమ్మలా అడ్డంగానే పెరుగుతుంది. తాను కొమ్మనన్న సంగతి మరచిపోదు. కాబట్టి మీ అరకేరియా పక్కకు పాకుతుంటే నీరో, ఎరువో తక్కువైందని కంగారు పడకుండా, అది ఏ ముక్క నుంచి వచ్చిందో అడగండి.

ఈ కుటుంబంలో న్యూ కాలెడోనియా దీవుల నుంచి ప్రపంచమంతా పాకిన కుక్ పైన్ ఇంకా పెద్ద ప్రశ్న వేసింది. కాలిఫోర్నియాలో ఈ చెట్లన్నీ దక్షిణానికే వాలి ఉండటం అక్కడి పరిశోధకుల కంటపడింది. ఆస్ట్రేలియాలో అయితే అవే చెట్లు ఉత్తరానికి వాలి ఉన్నాయి. అయిదు ఖండాల్లో 18 ప్రాంతాల్లో 256 చెట్లను కొలిచి 2017లో ఫలితాలు ప్రచురించారు. సగటు వాలు 8.55 డిగ్రీలు, అంటే పీసా గోపురం వాలుకు రెట్టింపు. దిక్కు ఎప్పుడూ భూమధ్యరేఖ వైపే. రేఖకు ఎంత దూరమైతే వాలు అంత ఎక్కువ. దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక చెట్టు 40 డిగ్రీలు వాలింది. ఎండ వచ్చే కోణమా, గురుత్వమా, భూమి అయస్కాంత క్షేత్రమా, కారణం ఇంకా తేలలేదు. తేలినది ఒక్కటే, చెట్టు తానున్న చోటును పట్టుకుని వాలుతోంది.

మనం ఉత్తర అక్షాంశాల్లో సుమారు 13 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నాం. మన తోటల్లో, చర్చి ఆవరణల్లో, కాలేజీ ప్రాంగణాల్లో ఉన్న కుక్ పైన్‌లు కాలిఫోర్నియా చెట్లంత వాలవు, కానీ వాలితే దక్షిణానికి వాలాలి. పెద్ద భవనం నీడలో లేని చెట్టును ఎంచుకోండి. దూరంగా నిలబడి, దారానికి చిన్న బరువు కట్టి కంటి ముందు వేలాడదీసి, దాని పక్కన చెట్టు మానును చూడండి. ఫోన్‌లోని దిక్సూచితో దిక్కు రాసుకోండి. బడి పిల్లలు చేయగల పని ఇది. ఒక్క చెట్టు చూస్తే ముచ్చట తీరుతుంది. ఒక ఊళ్లో పదిహేను, ఇరవై చెట్లు చూస్తే అది పరిశీలన అవుతుంది. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఇదే పని అక్కడ చేసి, రెండుచోట్ల లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

శ్రోతలారా, అడవిని కలప లెక్కన చూసేచోట వంకర చెట్టుకు విలువ లేదు. తోటను పలచన చేసేటప్పుడు గొడ్డలి మొదట దాని మీదే పడుతుంది. కలప కోసం నాటిన తోటలో అది సబబే కావచ్చు. కొండచరియలు విరిగిపడే వాలుల మీద, మంచుచరియలు దిగే లోయల్లో, గాలి కొలిచే పరికరం ఎన్నడూ చేరని శిఖరాల మీద మాత్రం అలా చేయకూడదు. హిమాలయాల్లో కొత్త రోడ్డు, కొత్త సొరంగం, కొత్త ఊరు ఎక్కడ కట్టాలో నిర్ణయించేవాళ్లకు గత రెండు వందల ఏళ్ల ప్రమాదాల పట్టిక కావాలి. ఆ పట్టిక చాలాచోట్ల ఒరిగి లేచిన దేవదారుల్లో, మొదలు వంగిన పైన్‌లలో తప్ప మరెక్కడా లేదు. నరికేశాక మళ్లీ రాయించడానికి రెండు వందల ఏళ్లు పడుతుంది. కనుక అలాంటి చోట వంకర చెట్టును నరికే ముందు, అది ఎంత ఎత్తులో వంగిందో, ఏ దిక్కుకు వంగిందో, దానితోపాటు ఎన్ని వంగాయో రాసుకోవడం మన కనీస బాధ్యత.